మన ఏటీఎం నియమం సరిహద్దు దగ్గరే ఎందుకు ఆగిపోయింది? రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి నమస్కారాలు.

నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా భార్యతో కలిసి రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. బ్యాంకు వ్యవహారాల్లో నాకు ప్రవేశం లేదు. పాస్‌బుక్కులో అంకెలు సరిచూసుకోవడం, ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇచ్చి రావడం, అంతవరకే నా పరిజ్ఞానం. అలాంటి నా చేత ఒక ఏటీఎం యంత్రం మీ సర్క్యులర్లన్నీ చదివించింది. చదువుతూ పోతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ వాక్యం గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

2019 సెప్టెంబరు 20న మీ సంస్థ విఫలమైన లావాదేవీల గురించి ఒక ఉత్తర్వు జారీ చేసింది. ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో డబ్బు కట్ అయితే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తిరిగి జమ చేయాలనీ, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ, అదీ ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా చూడకుండా తనంత తానుగా ఇవ్వాలనీ అందులో ఉంది. ఈ గడువు ఒక్కరోజులో వచ్చింది కాదు. 2009లో ఫిర్యాదు అందిన నాటి నుంచి 12 పనిదినాలుగా ఉన్నది 2011లో 7 పనిదినాలకు తగ్గి, చివరికి ఇలా 5 రోజులకు వచ్చింది. సామాన్య ఖాతాదారు పక్షాన ఇంత స్పష్టంగా మాట్లాడిన నియమాలు మన దేశంలో ఎక్కువ లేవని నా అభిప్రాయం. అయితే అదే ఉత్తర్వులో, డబ్బు పంపేవారూ అందుకునేవారూ ఇద్దరూ భారతదేశంలోనే ఉన్న దేశీయ లావాదేవీలకు మాత్రమే ఈ ఏర్పాటు వర్తిస్తుందన్న మాట కూడా ఉంది. ఆ మాట నా కంటబడే నాటికి, కంబోడియాలోని సియెం రీప్ పట్టణంలో ఒక ఏటీఎంకు నేను 205 డాలర్లు సమర్పించుకుని రెండు నెలలు దాటింది.

2024 నవంబరులో మేమిద్దరం అక్కడికి వెళ్లాము. అంకోర్ వాట్ ఆలయం తూర్పు వసారా గోడ మీద చెక్కిన క్షీరసాగర మథనాన్ని కళ్లారా చూడాలన్నది నా చిరకాల కోరిక. ఏటా ఆ కథను పిల్లలకు చెప్పినవాడికి ఆ గోడ ముందు నిలబడితే ఏమనిపిస్తుందో చెప్పాలంటే అది వేరే లేఖ అవుతుంది. ఇక్కడ చెప్పవలసింది డబ్బు సంగతి. ఆ ఊళ్లో యాత్రికులతో జరిగే బేరాలు చాలావరకు అమెరికా డాలర్లలోనే, ఏటీఎంలు ఇచ్చేదీ డాలర్లే. డాలరుకు తక్కువైన చిల్లర మాత్రం స్థానికమైన రియెల్ నోట్లలో, డాలరుకు సుమారు 4,000 చొప్పున లెక్కగట్టి చేతిలో పెడతారు. ఆలయాల ప్రవేశ టికెట్టు, మూడు రోజులకు మనిషికి 62 డాలర్లు, కార్డు మీదే తీసుకున్నాము. కాని టుక్‌టుక్ అబ్బాయికీ, కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చే ఆవిడకూ నోట్లే కావాలి, అవి కూడా అంచు చిరగనివి కావాలి. ఇంటి దగ్గర ఎంతో జాగ్రత్తగా కొని తీసుకువెళ్లిన డాలర్లలో రెండింటిని, గోరంత చిరుగు ఉందని, వాళ్లు వెలుతురుకు పట్టి చూసి తిప్పి ఇచ్చేశారు. అందువల్ల ఏటీఎం గడప తొక్కవలసి వచ్చింది.

నవంబరు 19 సాయంత్రం కార్డు పెట్టి, పిన్ నొక్కి, 200 డాలర్లు అడిగాను. 5 డాలర్లు రుసుము తీసుకుంటామని తెర మీద కనిపించింది, సరేనన్నాను. లోపల నోట్లు లెక్కపెడుతున్న టకటక చప్పుడు స్పష్టంగా వినిపించింది. నోట్లు వచ్చే మూత వేలెడు తెరుచుకున్నట్టే తెరుచుకుని టక్కున మూసుకుపోయింది. కార్డు బయటికి వచ్చింది, వెంట ఒక చీటీ వచ్చింది. లావాదేవీ పూర్తి కాలేదని చీటీలో ఉంది, సమయం 19:42. అర నిమిషం కాకముందే నా ఫోనుకు సందేశం వచ్చింది. ఖాతా నుంచి 17,302 రూపాయలు డెబిట్ అయ్యాయని అందులో ఉంది, సమయం 18:12. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది కాబట్టి ఆ రెండూ ఒకే నిమిషం. తరువాతి రోజుల్లో మా బ్యాంకు కాల్ సెంటర్ నుంచి మాట్లాడిన ఒక యువకుడు చీటీలోని సమయానికీ తమ రికార్డుకూ పొంతన కుదరడం లేదని సందేహం వెలిబుచ్చినప్పుడు, భూమి గుండ్రంగా ఉన్నదన్న పాఠం ఆయనకు మళ్లీ చెప్పవలసి వచ్చింది. మరునాడు మరికొన్ని డెబిట్లు పడ్డాయి: కరెన్సీ మార్కప్, అంటే డాలర్లను రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంకు అదనంగా తీసుకునే శాతం, కింద 605 రూపాయల 57 పైసలు, విదేశీ ఏటీఎం వాడినందుకు 125 రూపాయలు, ఈ రెంటి మీద 18 శాతం జీఎస్టీ 131 రూపాయల 50 పైసలు. చేతికి ఒక్క నోటూ రాలేదు, సేవా రుసుములు మాత్రం పూర్తిగా వెళ్లిపోయాయి.

నా బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక బ్యాంకు మీద ఫిర్యాదు కాదు, ఆ బ్యాంకు మీ నియమాన్ని ఒక్క అక్షరం కూడా మీరలేదు. నాకు బాధ కలిగించింది కూడా అదే.

కార్డు వెనక ముద్రించిన 1800 నంబరుకు నా ఫోను నుంచి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. యాప్‌లో ఫిర్యాదుల పట్టికలో ‘ఏటీఎంలో డబ్బు రాలేదు’ అన్న అంశం ఉంది గాని, దాన్ని నొక్కితే ఏటీఎం సంఖ్య అడుగుతుంది, చీటీ మీది కంబోడియా సంఖ్య కొడితే చెల్లదంటుంది. ఇంటికి చేరాక, నవంబరు 25న శాఖకు వెళ్లి డిస్ప్యూట్ ఫారం నింపి ఇచ్చాను. మేనేజరు గారు మర్యాదస్తురాలు, కుర్చీ వేయించి టీ తెప్పించారు. “ఫారిన్ ట్రాన్సాక్షన్ కదండీ మాస్టారూ, మా చేతుల్లో ఉండదు. వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డు నెట్‌వర్కు ద్వారా అవతలి బ్యాంకును అడగాలి. 45 రోజులు పట్టవచ్చు, 90 రోజులూ పట్టవచ్చు” అన్నారు. అలాగే అయింది. జనవరి చివరలో అసలు చీటీ కావాలని ఒక ఈమెయిలు వచ్చింది. ఏటీఎం చీటీలు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి కాబట్టి అప్పటికే సగం అక్షరాలు వెలిసిపోయాయి. మొదటిరోజే తీసిన ఫోటో ఆదుకుంది. 2025 ఫిబ్రవరి 10న, అంటే 83వ రోజున, 17,302 రూపాయలు తిరిగి జమ అయ్యాయి. మార్కప్పూ రుసుమూ పన్నూ కలిపి 862 రూపాయల 7 పైసలు మాత్రం రాలేదు.

ఇదే ముచ్చట రాజమహేంద్రవరం దేవీచౌకులోని ఏటీఎంలో జరిగి ఉంటే, ఐదు రోజులు పోను మిగిలిన 78 రోజులకు నాకు 7,800 రూపాయల పరిహారం రావలసి ఉండేది. నిజానికి అంతదాకా వచ్చేదే కాదు, ఆ పరిహారం భయానికి బ్యాంకు మూడో రోజునే జమ చేసి ఉండేది. నియమం చేసే పని అదే. బ్యాంకువారు మంచివారా కాదా అన్న ప్రశ్న లేకుండానే డబ్బు వెనక్కి వస్తుంది. అదే ఖాతా, అదే కార్డు, అదే బ్యాంకు, తెలియని ఊరు మాత్రమే తేడా. ఖాతాదారు నిస్సహాయుడయ్యేదీ అక్కడే.

విదేశీ బ్యాంకులు రిజర్వు బ్యాంకు అధీనంలో ఉండవు కదా, వాటికి 5 రోజుల గడువు ఎలా విధించగలం అన్నది మీ వైపు నుంచి రాగల మొదటి సమాధానం. అది న్యాయమైన మాటే. అటువైపు యంత్రం పెట్టిన బ్యాంకు తన యంత్రం రాసుకున్న లావాదేవీల చిట్టాను తీసి చూడాలి, ఆ రోజు నగదు నిల్వలో 200 డాలర్లు ఎక్కువ తేలాయేమో సరిచూడాలి, నెట్‌వర్కు నిబంధనల ప్రకారం తనకున్న గడువులో జవాబివ్వాలి. నోట్లు అందలేదన్న వివాదాన్ని మన బ్యాంకు లేవనెత్తడానికే సాధారణంగా 120 రోజుల దాకా వ్యవధి ఉంటుంది. ఈ ప్రక్రియను ఐదు రోజులకు కుదించమని నేను అడగడం లేదు. నా ఖాతా మాత్రం రాజమహేంద్రవరంలోనే ఉంది. దాని నుంచి డబ్బు తీసింది మీ లైసెన్సుతో నడిచే బ్యాంకు. వివాదం తేలే వరకు ఆ డబ్బు లేకుండా ఎవరు ఉండాలన్నది పూర్తిగా మీ అధికార పరిధిలోని ప్రశ్న. ప్రస్తుతం దానికి జవాబు: ఖాతాదారు.

దీనికి మరో జవాబు మీ సంస్థే ఇదివరకు ఇచ్చి ఉన్నది. 2017 జులై 6న, ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన మోసపు ఎలక్ట్రానిక్ లావాదేవీల గురించి మీరు జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు ఆ సంగతి తెలియజేసిన నాటి నుంచి 10 పనిదినాల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, ఫిర్యాదును 90 రోజుల్లోగా పరిష్కరించాలి. ఈ రెండు ఉత్తర్వులనూ పక్కపక్కన పెట్టి చదివితే తేలేది చూడండి. సియెం రీప్‌లో ఎవడో దొంగ నా కార్డుకు నకలు తయారుచేసి 200 డాలర్లు లాగేసి, ఆ సంగతి నేను బ్యాంకుకు వెంటనే చెప్పి ఉంటే, 10 పనిదినాల్లో నా డబ్బు నా ఖాతాలో కనిపించేది. దొంగ ఎవరూ లేకుండా యంత్రమే మింగింది కాబట్టి నేను 83 రోజులు కాచుకున్నాను. అంటే, పరాయి దేశంలో యంత్రం చేతిలో మోసపోవడం కంటే దొంగ చేతిలో మోసపోవడమే ఖాతాదారుకు మేలు. ఇది మీరు ఉద్దేశించి చేసింది కాదని నాకు తెలుసు. రెండు మంచి నియమాల నడుమ మిగిలిపోయిన సందు ఇది. ఆ సందులో పడినవాడికి మాత్రం ఉద్దేశంతో పని లేదు.

మా అమ్మాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నది. నా గోడు విని తను అక్కడి నియమాలు వెతికి నాకు చదివి వినిపించింది. అమెరికాలో ‘రెగ్యులేషన్ ఈ’ అని పిలిచే నిబంధన ప్రకారం, యంత్రం నుంచి రావలసిన మొత్తం సరిగా చేతికి రాకపోవడం అన్నది బ్యాంకు సరిదిద్దవలసిన పొరపాట్లలో ఒకటి. బ్యాంకు 10 పనిదినాల్లో విచారణ పూర్తి చేయలేకపోతే, ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేసి, ఆ తరువాతే మరింత వ్యవధి తీసుకోవచ్చు. ఆ వ్యవధి మామూలుగా 45 రోజులు, అమెరికా బయట జరిగిన లావాదేవీ అయితే 90 రోజులు. ఇందులో గమనించవలసింది, వాళ్లు సరిహద్దు అవతల జరిగిన లావాదేవీని నియమం నుంచి తీసివేయలేదు. విదేశీ బ్యాంకు జవాబు ఆలస్యంగా వస్తుందని ఒప్పుకుని విచారణ వ్యవధి పెంచారు, ఖాతాదారు చేతికి డబ్బు అందే గడువును మాత్రం కదిలించలేదు. “నాన్నా, నేను నీ పక్కన నిలబడి అదే మెషీన్లో నా కార్డు పెట్టి ఉంటే, నా డబ్బు రెండు మూడు వారాల్లో నా అకౌంటులో ఉండేది” అంది మా అమ్మాయి. ఒకే ఇంటివాళ్లం, ఒకే యంత్రం.

మీరు సరిహద్దు దాటి ఆలోచించరని కూడా నేను అనలేను. విదేశీ వ్యాపారులకు ఆన్‌లైన్లో మన కార్డులతో చేసే చెల్లింపులకు కూడా, అవతలివారు అడిగినప్పుడు అదనపు ధ్రువీకరణ జరిగే ఏర్పాటును 2026 అక్టోబరు 1 నాటికి సిద్ధం చేయాలని 2025 సెప్టెంబరు 25న మీరు బ్యాంకులను ఆదేశించారు. మన ఖాతాదారు డబ్బు సరిహద్దు దాటుతున్నప్పుడు కూడా మన రక్షణ దానితో వెళ్లాలన్న ఆలోచన అందులో ఉంది. నేను అడుగుతున్నది ఆ ఆలోచననే ఏటీఎం దాకా తీసుకురమ్మని.

రెండో సమాధానం కూడా ఊహించగలను. ఈ రోజుల్లో విదేశాల్లో నగదు ఎందుకు, యూపీఐ వచ్చింది కదా అని. భూటాన్, నేపాల్, సింగపూర్, శ్రీలంక, మారిషస్, ఎమిరేట్స్ వంటి చోట్ల అది పనిచేసే ఏర్పాట్లు జరిగాయి, ప్యారిస్‌లో ఈఫెల్ టవర్ టికెట్టుకు కూడా పనికొస్తోంది. సంతోషమే. కాని మాకు కావలసింది కొబ్బరిబొండానికి డాలరు. పైగా ప్రయాణంలో నగదు అవసరం వచ్చేది సరదాకు కాదు. ఫోను తడిసినప్పుడు, చార్జింగ్ అయిపోయినప్పుడు, ఆస్పత్రి మెట్ల మీద, అర్ధరాత్రి టాక్సీలో. విదేశీ నోట్ల రూపంలో వెంట తీసుకువెళ్లడానికి ప్రయాణానికి 3,000 డాలర్ల పరిమితి చాలా దేశాలకు మీరే పెట్టారు, మిగిలినది కార్డు వంటి రూపంలో తీసుకువెళ్లాలన్నారు. సబబైన నియమమే. కార్డు వాడమన్నప్పుడు కార్డు తప్పితే ఏమిటన్నదానికి కూడా జవాబు ఉండాలి.

ఇక ఖర్చు సంగతి. ఇది నా వివాదానికి సంబంధించింది కాకపోయినా అదే ప్రయాణంలో అనుభవానికి వచ్చింది కాబట్టి చెబుతాను. తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్‌లో రెండు రోజులు ఆగాము. నా కార్డు మీద నమ్మకం పోయి ఈసారి నా భార్య తన కార్డు పెట్టింది. 5,000 బాట్ అడిగింది, 220 బాట్ రుసుము అంది యంత్రం. ఆ తరువాత తెర మీద రూపాయల్లో ఒక మొత్తం కనిపించింది, దాని కింద రెండు మీటలు: ‘యాక్సెప్ట్ కన్వర్షన్’, ‘డిక్లైన్ కన్వర్షన్’. డిక్లైన్ అంటే నిరాకరించడం కాబట్టి, అది నొక్కితే డబ్బే రాదేమో అనుకుంది, ఎవరైనా అలాగే అనుకుంటారు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. మొదటిది నొక్కింది. బాట్‌కు 2 రూపాయల 62 పైసల చొప్పున 13,676 రూపాయలు కట్ అయ్యాయి. ఆ రోజు బాట్ మార్కెట్ ధర 2 రూపాయల 44 పైసల దరిదాపుల్లో ఉంది. అంటే మార్కెట్ ధర కంటే సుమారు 940 రూపాయలు ఎక్కువ. ‘డిక్లైన్’ నొక్కి ఉంటే యంత్రం బాట్లలోనే లెక్కగట్టి పంపేది, మార్పిడి కార్డు నెట్‌వర్కు రేటులో మన బ్యాంకు దగ్గర జరిగేది, నోట్లు ఎలాగూ వచ్చేవి. ఇది ఎవరో పొరుగాయన ముందుగా చెప్పి ఉంటే తెలిసేది గాని, కార్డు ఇచ్చిన బ్యాంకు చెప్పలేదు. చెప్పాలన్న నియమమూ లేదు.

ఐరోపా సమాఖ్య 2019లో చేసిన నిబంధన ఒకటి, 2020 ఏప్రిల్ 19 నుంచి, సమాఖ్య దేశాల కరెన్సీల మధ్య ఏటీఎం దగ్గర జరిగే మార్పిడికి ఐరోపా కేంద్ర బ్యాంకు ప్రకటించే రేటు కంటే ఎంత శాతం ఎక్కువ వసూలు చేస్తున్నదీ మీట నొక్కకముందే చూపాలని నిర్దేశించింది. కార్డు ఇచ్చిన బ్యాంకు కూడా తన మార్కప్‌ను ఆ శాతం రూపంలో ఖాతాదారుకు సందేశంలో తెలపాలన్న నిబంధన మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. బ్యాంకాక్‌లోని యంత్రం తెరను మీరు మార్చలేరు, సరే. మన బ్యాంకు పంపే సందేశాన్ని మార్చగలరు. విదేశీ ఏటీఎం లావాదేవీ జరిగిన వెంటనే వచ్చే ఎస్ఎంఎస్‌లో ఇప్పుడు ఒక్క మొత్తమే ఉంటుంది, మార్కప్పూ రుసుమూ పన్నూ మరునాడో ఆ మరునాడో విడివిడిగా, అర్థంకాని సంక్షిప్తాక్షరాలతో పడతాయి. డాలరు, యూరో వంటి కరెన్సీలకు ప్రతి పనిదినం ప్రకటించే రెఫరెన్స్ రేటు, అంటే ప్రామాణిక మార్పిడి ధర, మన దగ్గర ఉండనే ఉంది. దానికంటే మొత్తం మీద ఎంత శాతం ఎక్కువ పడిందో ఒక్క సంఖ్యలో చెప్పమంటే బ్యాంకులకు కష్టమేమీ కాదు. మా బడిలో పదో తరగతి పిల్లలు వేయగలిగిన లెక్క.

2020 జనవరి 15న మీరు ఇచ్చిన మరో ఆదేశం గురించి కృతజ్ఞతతోనే ఒక మాట చెప్పాలి. కొత్త కార్డు మీద విదేశీ వాడకం మూసి ఉంచాలనీ, కావలసినవారు తామే తెరుచుకోవాలనీ, పరిమితి తామే పెట్టుకోవాలనీ, ఈ సదుపాయం రోజంతా అన్ని మార్గాల్లో అందుబాటులో ఉండాలనీ అది చెప్పింది. అదే ఏడాది అక్టోబరు నుంచి అమలైన ఆ ఏర్పాటు మా వంటివారిని ఎన్ని మోసాల నుంచి కాపాడిందో లెక్కలేదు. దాని రెండో ముఖం విదేశంలోనే కనబడుతుంది. పరిమితి పెంచాలంటే యాప్ ఓటీపీ అడుగుతుంది, ఓటీపీ భారతీయ సిమ్‌కు వస్తుంది, చాలామంది ఆ సిమ్ తీసి స్థానిక సిమ్ వేసుకుని ఉంటారు. మా బృందంలో ఒక పెద్దాయన అలాగే ఇరుక్కుని, హోటల్ బల్ల మీద సూదిమొనతో ఆ చిన్న సిమ్ ట్రే లాగుతూ గంటసేపు కూర్చున్నారు. ఇంకొకరి దగ్గర ఉన్నది పింఛను ఖాతాతో ఇచ్చిన దేశీయ రూపే కార్డు. రూపేలో అంతర్జాతీయ కార్డు వేరే ఉంటుందనీ, అది డిస్కవర్, డైనర్స్ వంటి విదేశీ కార్డు సంస్థల గుర్తులున్న యంత్రాల్లో పనిచేస్తుందనీ, తన దగ్గరున్నది ఆ రకం కాదనీ ఆయనకు సియెం రీప్‌లో మూడు యంత్రాలు ‘చెల్లదు’ అన్న తరువాత తెలిసింది. కార్డు ముఖం మీద ‘భారతదేశంలో మాత్రమే’ అని తెలుగులో ఒక్క వరుస అచ్చువేసి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు నా విన్నపం. విఫలమైన విదేశీ ఏటీఎం లావాదేవీ విషయంలో, ఖాతాదారు తెలియజేసిన 10 పనిదినాల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలని, 2017 నాటి ఉత్తర్వులోని మాటనే ఇక్కడికి తెచ్చి, 2019 నాటి ఉత్తర్వుకు ఒక పేరా చేర్చండి. విచారణకు 90 రోజులు ఇవ్వండి, ఖాతాదారు మాట నిజం కాదని తేలితే ఆ జమను వెనక్కి తీసుకోవచ్చు. గడువులో జమ చేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇక్కడా వర్తించాలి, ఎందుకంటే ఆ ఆలస్యం కంబోడియా బ్యాంకుది కాదు, మన బ్యాంకుదే అవుతుంది. నోట్లు రాలేదని తేలినప్పుడు మార్కప్పూ రుసుమూ పన్నూ కూడా మొత్తంతో పాటే తిరిగి రావాలి, అందించని సేవకు రుసుము ఉండదు. ఒక మనిషి ఏటా విదేశాల్లో ఖర్చుపెట్టడానికీ అక్కడికి పంపడానికీ ఉన్న 2,50,000 డాలర్ల పరిమితి (ఎల్‌ఆర్‌ఎస్) లెక్కలోంచి కూడా ఆ విఫలమైన మొత్తం తొలగిపోవాలి.

మరొకటి, ఇది చిన్నదిగా కనిపించవచ్చు. నా డబ్బు పోయిన నవంబరులో డాలరు 84 రూపాయల చిల్లర ఉంది, తిరిగి వచ్చిన ఫిబ్రవరిలో 87 దాటింది. నెట్‌వర్కు ద్వారా తిరిగి వచ్చినవి 205 డాలర్లు, నాకు జమ అయినవి నవంబరు నాటి రూపాయలు. నడుమ మిగిలినది ఎవరి ఖాతాలో ఉండాలో నియమంలో రాసి ఉంటే ఈ ప్రశ్నే రాదు. రూపాయి బలపడిన కాలంలో ఖాతాదారు నష్టపోకుండా, బలహీనపడిన కాలంలో బ్యాంకు లాభపడకుండా, ఏ రోజు రేటు వర్తిస్తుందో ఒక్క వాక్యంలో తేల్చండి.

బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ఉంది కదా, అక్కడికి వెళ్లవచ్చు కదా అని మిత్రులు నన్ను అడిగారు. 2021లో మీరు తెచ్చిన ఆ పథకం మీద నాకు గౌరవం ఉంది. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోతే వెళ్లవచ్చునని చదివాను కూడా. కాని అక్కడ తేల్చేది బ్యాంకు సేవలో లోపం జరిగిందా అన్నది. గడువే లేనిచోట గడువు దాటిందని ఏ కాగితంతో నిరూపించను? అందుకే ఫిర్యాదుకు బదులుగా ఈ లేఖ.

ఏటా మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఆగస్టులో విమానాలు ఎక్కే విద్యార్థులను తలుచుకోండి. మొదటి రెండు మూడు వారాలు, అక్కడి ఖాతా తెరిచి కార్డు చేతికి వచ్చేదాకా, వాళ్ల దగ్గర ఉండేది ఇంటి దగ్గరి బ్యాంకు ఇచ్చిన కార్డే. అద్దె అడ్వాన్సుకు తీసిన డబ్బు యంత్రంలో ఇరుక్కుంటే నాలాగా కూతురు ఇంటికి ఫోన్ చేసి నిట్టూర్చే వెసులుబాటు ఆ పిల్లలకు ఉండదు. మాకు 200 డాలర్లు పోయినా తిరుగు టికెట్టు చేతిలో ఉంది.

నా డిస్ప్యూట్ ఫారం నకలు, బ్యాంకు పంపిన ఈమెయిళ్లు, రెండు వేర్వేరు గడియారాల సమయంతో ఉన్న చీటీ ఫోటో, డెబిట్ సందేశం, ఫిబ్రవరి 10 నాటి పాస్‌బుక్కు పేజీ ఒక కవరులో పెట్టి ఉంచాను. అసలు చీటీ కూడా ఉంది, దాని మీద ఇప్పుడు తేదీ, 200 అన్న అంకె తప్ప మరేమీ చదవడానికి వీలుకాదు. మీ కార్యాలయం కోరిన రోజున రిజిస్టర్డ్ పోస్టులో పంపగలను.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం